క్షయ క్రిమే కొలబద్ద

నేపర్‌విల్‌లో సౌత్ వాషింగ్టన్ స్ట్రీట్ మీద ఉన్న ఎడ్వర్డ్ ఆసుపత్రి అంటే అక్కడి మనవాళ్లకు కాన్పులు, స్కానింగులు, గుండె పరీక్షలు గుర్తొస్తాయి. ఇప్పుడు దాని పేరుకు ముందు ఎండెవర్ హెల్త్ అని చేరింది. 1907లో అది తలుపులు తెరిచినప్పుడు మాత్రం లోపల ఉన్నవాళ్లంతా దగ్గుతున్నవాళ్లే. చనిపోయిన భర్త ఎడ్వర్డ్ గేలార్డ్ జ్ఞాపకంగా యుడోరా హల్ గేలార్డ్ స్పాల్డింగ్ అనే ఆవిడ షికాగో ప్రాంతపు క్షయరోగుల కోసం పెట్టించిన శానటోరియం అది. మందు లేని కాలం. ఆరుబయటి గాలి, మంచి తిండి, మంచం మీద విశ్రాంతి, ఇవే వైద్యం. మన మదనపల్లె పక్కన ఆరోగ్యవరం శానటోరియం రోగులను చేర్చుకోవడం మొదలుపెట్టిన 1915లోనూ ఇక్కడా అక్కడా నమ్మకం ఒకటే. 1943లో స్ట్రెప్టోమైసిన్ దొరికాక శానటోరియంల అవసరం తగ్గుతూ వచ్చింది. ఎడ్వర్డ్ 1955లో అన్ని జబ్బులూ చూసే ఆసుపత్రిగా మారింది.

రోగులు వెళ్లిపోయినా ఆ క్రిమి పేరు మాత్రం ఆసుపత్రుల్లోంచి పోలేదు. అమెరికాలో ఏ ఆసుపత్రిలోనైనా, మన దగ్గర పెద్ద ఆసుపత్రుల్లోనైనా పరికరాలు నానబెట్టే క్రిమిసంహారక ద్రవం డబ్బా తిప్పి చదవండి. క్షయ కారక క్రిములను చంపుతుందా, ఎన్ని నిమిషాల్లో చంపుతుంది అన్నది అక్కడ అచ్చువేసి ఉంటుంది. ఆ డబ్బాలో నానబోయేది చాలాసార్లు క్షయకు ఏ సంబంధమూ లేని వస్తువు. గర్భిణికి తొలి వారాల్లో లోపలి స్కాన్ చేసిన అల్ట్రాసౌండ్ ప్రోబ్ కావచ్చు. ప్రొస్టేట్ చూసిన ప్రోబ్ కావచ్చు. అన్నవాహికలోకి దింపి గుండెను వెనకవైపు నుంచి చూసిన ప్రోబ్ కావచ్చు. వాటికి క్షయతో పనేమిటి?

మైకోబాక్టీరియా అనే ఆ కుటుంబానికి ఒంటి చుట్టూ మైనపు పొర ఉంటుంది. మైకోలిక్ ఆమ్లాలతో అల్లుకున్న ఆ గోడలోంచి నీటిలో కరిగే మందులు తేలిగ్గా చొరబడలేవు. మామూలు బాక్టీరియాను నిమిషంలో చంపే ద్రవం దీని దగ్గరకొచ్చేసరికి తేలిపోతుంది. అందుకే శాస్త్రవేత్తలు దీన్నే కొలబద్దగా పెట్టుకున్నారు. ఇంత మొండిదాన్ని చంపగలిగిన మందు, అంతకన్నా మెత్తనివాటిని చంపకుండా వదలదన్నది లెక్క. ‘హై లెవెల్ డిసిన్ఫెక్షన్’ చేస్తుందని చెప్పుకోవాలంటే ఆ మందు మైకోబాక్టీరియాను పది లక్షల్లో ఒకటి మిగిలే స్థాయికి తగ్గించి చూపించాలని అమెరికా ఎఫ్‌డీఏ అడుగుతుంది. పరీక్షకు అసలు క్షయ క్రిమినే తేనక్కర్లేదు. అంత ప్రమాదం లేని దాని బంధువులను వాడతారు. లేబుల్ మీద 12 నిమిషాలు నానబెట్టాలని ఉంటే ఆ అంకె వెనుక ఉన్నది ఈ పరీక్షే. పదకొండో నిమిషంలో బయటికి తీస్తే ఏమవుతుందంటే ఏమీ కాకపోవచ్చు. కానీ ఏమీ కాదని ఎవరూ పరీక్షించి చెప్పలేదు.

అల్ట్రాసౌండ్‌కు మన ఇళ్లలో మంచి పేరుంది. ఎక్స్‌రేలా కిరణాలు లేవు, సూది లేదు, నొప్పి లేదు, కడుపులో బిడ్డకూ ఫర్వాలేదు. అదంతా నిజమే. పేచీ ధ్వని తరంగాలతో కాదు, వాటిని పంపే వస్తువుతో. ఒకే ప్రోబ్ పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఒకరి ఒంటి మీద నుంచి ఇంకొకరి ఒంటి మీదకు వెళుతుంది. దాని మూతిలో పీజోఎలక్ట్రిక్ స్ఫటికాలు వరసగా పేర్చి ఉంటాయి. కరెంటు అందగానే అవి సెకనుకు లక్షల సార్లు కంపించి తరంగాలు పుట్టిస్తాయి, తిరిగొచ్చిన ప్రతిధ్వనిని మళ్లీ కరెంటుగా మారుస్తాయి. వాటి మీద పలుచని పొరలు, ఆపైన రబ్బరులాంటి లెన్సు, అన్నింటినీ పట్టి ఉంచే జిగురు. కత్తెరలనూ ఫోర్సెప్స్‌నూ 121 డిగ్రీల ఆవిరిలో ఉడికించినట్టు దీన్ని ఆటోక్లేవ్‌లో పెడితే జిగురు ఊడుతుంది, లెన్సు ఉబ్బుతుంది, లక్షల రూపాయల ప్రోబ్ చెత్తబుట్టకు పోతుంది. అంటే క్రిములన్నింటినీ నిర్మూలించే అతి తేలికైన దారి దీనికి మొదటే మూసుకుపోయింది. మిగిలింది రసాయనాలు.

ఏ రసాయనం, ఎంతసేపు అన్నదానికి ఇప్పటికీ దారి చూపేది ఫిలడెల్ఫియా టెంపుల్ విశ్వవిద్యాలయంలో సూక్ష్మజీవశాస్త్రం చెప్పిన ఎర్ల్ స్పాల్డింగ్ 1950, 60 దశకాల్లో వేసిన పద్దు. (నేపర్‌విల్ యుడోరా గారికీ ఈయనకూ ఇంటిపేరు పలకడంలోనే పోలిక, చుట్టరికం వెతక్కండి.) పరికరం ఎలాంటిది, ఎంత ఖరీదైనది అని ఆయన చూడలేదు. అది ఒంట్లో ఎక్కడ తాకుతుందన్నదే చూశాడు. చెక్కుచెదరని చర్మాన్ని మాత్రమే తాకితే శుభ్రంగా తుడిచి, తక్కువ స్థాయి క్రిమిసంహారకం వాడితే చాలు. కడుపు మీద జారే ప్రోబ్ ఈ కోవలోది. తడి పొరలను, అంటే యోని, మలద్వారం, అన్నవాహిక లోపలి పొరలను తాకితే హై లెవెల్ డిసిన్ఫెక్షన్ తప్పదు. చర్మం చీల్చుకుని రక్తంలోకి, శుభ్రమైన కణజాలంలోకి వెళ్లేదైతే పూర్తి స్టెరిలైజేషన్ కావాలి. ఆపరేషన్‌లో తెరిచిన పొట్టలో నేరుగా కాలేయం మీద పెట్టే ప్రోబ్ ఆ మూడో కోవకు చెందుతుంది. అదే కడుపు మీది ప్రోబ్‌ను కాలిన గాయం మీద పెడితే అది ఇక మొదటి కోవలో ఉండదు. వస్తువు మారలేదు, తాకిన చోటు మారింది.

లోపలి స్కాన్ చేయించుకున్న ఎవరినైనా అడగండి, ప్రోబ్‌కు కవర్ తొడిగారు కదా అంటారు. చాలామంది టెక్నీషియన్ల ధీమా కూడా ఆ కవరే. అమెరికా సీడీసీ 2008 మార్గదర్శకాల్లో దీని మీద ఒక ముచ్చట ఉంది. అండాల సేకరణ అయ్యాక తీసిన కవర్లను పరీక్షిస్తే ఇద్దరు తయారీదార్ల కవర్లలో 75 శాతం, 81 శాతం చిల్లులు పడి ఉన్నాయి. వేరే అధ్యయనాల్లో ప్రోబ్‌కు తొడిగిన మామూలు కండోముల్లో చిల్లులు పడినవి 2 శాతం, 0.9 శాతం. ప్రోబ్ కోసమే ప్రత్యేకంగా చేసి అమ్మిన కవర్ కన్నా మందుల షాపు కండోమ్ నయమైంది! అయినా ఆ 0.9 శాతాన్ని తీసిపారేయకూడదు. రోజూ తొడిగే చోట వారాల తరబడి లెక్కేస్తే అది సున్నా కాదు. అదీగాక తీసేటప్పుడు చేతి గ్లవుజు మురికై, అదే గ్లవుజుతో ప్రోబ్ పిడిని పట్టుకుంటారు. కవర్ కప్పని ఆ పిడిని చాలా చోట్ల ఎవరూ నానబెట్టరు. కవర్ వాడినా సరే లోపలి ప్రోబ్‌కు హై లెవెల్ డిసిన్ఫెక్షన్ చేయాల్సిందేనని మార్గదర్శకాలు చెప్పడం ఇందుకే.

క్రిములన్నీ ఒకే మాదిరి చావవు. కొవ్వు పొర కప్పుకున్న వైరస్‌లు, హెచ్‌ఐవీ లాంటివి, అందరికన్నా సుకుమారం. సబ్బునీళ్లకే ఆ పొర చెదురుతుంది. మామూలు బాక్టీరియా తర్వాతి మెట్టు. కొవ్వు పొర లేని వైరస్‌లు గట్టివి. ఆపైన మైకోబాక్టీరియా. అన్నింటికన్నా పైన బీజాల రూపంలో నిద్రపోయే బాక్టీరియా. బల్లలు తుడిచే క్వాటర్నరీ అమ్మోనియం తుడుపుగుడ్డలు కింది మెట్లకే సరిపోతాయి. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు కారణమయ్యే హెచ్‌పీవీ కొవ్వు పొర లేని జాతి. ఆ గుడ్డలతో తుడిచిన లోపలి ప్రోబుల మీద హెచ్‌పీవీ డీఎన్ఏ దొరికిందని హాంకాంగ్‌లో, ఫ్రాన్స్‌లో పరిశోధకులు రాశారు. డీఎన్ఏ దొరికినంత మాత్రాన అది బతికున్న వైరస్ అని, ఇంకొకరికి అంటిందని అర్థం కాదు. 2014లో అమెరికాలో ఒక బృందం గ్లూటరాల్డిహైడ్, ఓపీఏ లాంటి పేరున్న మందులకూ హెచ్‌పీవీ లొంగడం లేదని ప్రకటించి కలకలం రేపింది. తర్వాత వచ్చిన పరిశోధనలన్నీ ఆ మాటతో ఏకీభవించలేదు. ఈ రంగంలో కొన్ని అధ్యయనాలకు క్రిమిసంహారక యంత్రాలు అమ్మే కంపెనీలతో సంబంధం ఉందన్నది కూడా మనసులో పెట్టుకుని చదవాలి. నా మటుకు నేను హెచ్‌పీవీ భయం కన్నా పాత నేరస్తుల మీదే కన్నేసి ఉంచుతాను. సూడోమోనాస్, ఈ.కోలి, హెపటైటిస్ బి. వీటి మీద కేసులు నమోదై ఉన్నాయి.

2005లో జార్జియా రాష్ట్రంలో ప్రొస్టేట్ బయాప్సీ చేయించుకున్న నలుగురికి సూడోమోనాస్ ఇన్ఫెక్షన్ వచ్చింది. అధికారులు వెతికితే దొంగ దొరికింది. ప్రోబ్‌కు తగిలించే సూది గొట్టం లోపల ఎవరూ బ్రష్ పెట్టి రుద్దలేదు. క్రిమిసంహారకం వాడాక కడిగింది కొళాయి నీళ్లతో. ఆ మరుసటి ఏడే ఎఫ్‌డీఏ ఇలాంటి ప్రోబుల శుభ్రత మీద హెచ్చరిక జారీ చేసింది. ఇందులో మందు తప్పేమీ లేదు. ఎండిన రక్తం, జిగురు పట్టిన గొట్టంలో మందు పోయడం అంటే అంట్లు తోమకుండా వేడినీళ్లు పోయడమే. మురికి అట్టకింద ఉన్న క్రిమి దాకా మందు చేరదు, చేరినంత భాగం మురికితోనే ఖర్చైపోతుంది. స్పిరిట్ పెట్టి తుడవడం ఇంకా ఇబ్బంది. అది ప్రొటీన్లను గడ్డకట్టించి ఉపరితలానికి అంటిస్తుంది, కొన్ని ప్రోబుల లెన్సునూ పాడుచేస్తుంది. కాబట్టి తోమడం ముందు, చంపడం తర్వాత. ఎన్ని కొత్త యంత్రాలొచ్చినా ఈ వరస మారలేదు.

బ్రిటన్‌లో ఒక రోగి హెపటైటిస్ బితో మరణించాక, అన్నవాహికలోకి దింపే గుండె ప్రోబ్‌ను సరిగా శుద్ధి చేయకపోవడంతో దానికి సంబంధం ఉండొచ్చని అక్కడి నియంత్రణ సంస్థ ఎంహెచ్ఆర్ఏ 2012లో ఆసుపత్రులన్నిటికీ హెచ్చరిక పంపింది. స్కాట్లండ్ ఇంకో మెట్టెక్కి, ఏడేళ్ల జాతీయ ఆరోగ్య రికార్డులు తిరగేసి 2017లో లెక్క బయటపెట్టింది. యోని మార్గం స్కాన్ చేయించుకున్నవాళ్లకు, స్కాన్ లేకుండా ఇతర స్త్రీరోగ చికిత్సలు పొందిన అలాంటివాళ్లతో పోలిస్తే, 30 రోజుల్లోపు బాక్టీరియా పరీక్ష పాజిటివ్ వచ్చే అవకాశం 41 శాతం, యాంటీబయాటిక్ రాయించుకోవాల్సి వచ్చే అవకాశం 26 శాతం ఎక్కువ. స్కాన్‌కు వచ్చినవాళ్లలో ముందే సమస్య ఉండి ఉండొచ్చు కదా అని అనుమానించే హక్కు మనకుంది. రికార్డుల లెక్కతో కారణాన్ని రుజువు చేయలేం. కానీ ఇంత పెద్ద జనాభాలో ఇంత తేడా కనిపించాక తుడిస్తే చాలనే వాదన బలహీనపడింది.

నేపర్‌విల్‌కు దగ్గరి కథ ఒకటుంది. అది ప్రోబ్ కథ కాదు, దాని పెద్దన్న కథ. 2013లో ఈశాన్య ఇల్లినాయ్‌లో ఒక ఆసుపత్రి చుట్టూ ఎన్‌డీఎం అనే ఎంజైము ఉన్న ఈ.కోలి 39 మందిలో కనిపించింది. దాదాపు ఏ యాంటీబయాటిక్‌కూ లొంగని రకం. ఎన్‌డీఎం పేరులో ఎన్‌డీ అంటే న్యూఢిల్లీ, ఆ పేరు పెట్టినందుకు మన దేశంలో జరిగిన రభస పాఠకులకు గుర్తుండే ఉంటుంది. ఇక్కడ దాన్ని మోసుకెళ్లింది పిత్తాశయ నాళాలను చూసే డ్యుయోడినోస్కోప్ అనే గొట్టం. విశేషమేమిటంటే శుద్ధి చేసే పద్ధతిలో తప్పులేవీ అధికారులకు దొరకలేదు. అన్నీ నియమం ప్రకారమే చేశారు. గొట్టం చివర కదిలే చిన్న భాగంలో బ్రష్ పోని సందులున్నాయి, అంతే. చివరకు ఆ ఆసుపత్రి ఇథిలీన్ ఆక్సైడ్ గ్యాస్‌తో స్టెరిలైజ్ చేయడం మొదలుపెట్టింది. అల్ట్రాసౌండ్ ప్రోబ్ అంత చిక్కు నిర్మాణం కాదు, దానికి లోపల గొట్టాలు లేవు. సూది గొట్టం తగిలించినప్పుడు మాత్రం అది కూడా ఆ కుటుంబంలోకే వస్తుంది.

ఇక జెల్. ప్రోబ్‌కూ చర్మానికీ మధ్య గాలి ఉంటే తరంగాలు అక్కడే వెనక్కి తిరుగుతాయి కాబట్టి జెల్ లేనిదే బొమ్మ లేదు. అది చాలావరకు నీళ్లే. అందులో చిక్కదనానికి ఒకటి, నిల్వకు ఒకటి కలిపి ఉంటాయి. నిల్వ మందు క్రిములను చంపేంత బలమైనది కాదు. మిషిగన్‌లో ఒక ఆసుపత్రిలో గుండె ఆపరేషన్లు చేయించుకున్న 16 మందిలో సూడోమోనాస్ కనబడితే ఆరా తీశారు, జెల్ సీసా దాకా వెళ్లింది. 2012 ఏప్రిల్‌లో ఎఫ్‌డీఏ హెచ్చరించింది, న్యూజెర్సీ కంపెనీలో ఉన్న జెల్‌ను ఫెడరల్ మార్షల్స్ స్వాధీనం చేసుకున్నారు. 2021లో కెనడా కంపెనీ ఎకో-మెడ్ జెల్‌లో బర్ఖోల్డేరియా అనే ఇంకో బాక్టీరియా తేలింది. అది అమెరికాలో అనేక రాష్ట్రాల రోగుల రక్తంలో చేరాక, ఆ కంపెనీ జెల్ దేన్నీ వాడొద్దని ఎఫ్‌డీఏ చెప్పాల్సి వచ్చింది. ఈ రెండు చోట్లా జెల్ ఫ్యాక్టరీలోనే పాడైంది. మన దగ్గర ఇంకో దారి కూడా తెరిచి ఉంచాం. అయిదు లీటర్ల క్యాన్ తెచ్చుకుని, అడుగున పాత జెల్ ఉండగానే చిన్న సీసాలో పైనుంచి నింపుతాం. ఆ సీసా మూతి రోజంతా ప్రోబ్‌కూ చర్మానికీ తగులుతూ ఉంటుంది. కడుపు మీద రాసే మామూలు స్కాన్‌కు ఇది అంత పెద్ద ప్రమాదం కాకపోవచ్చు. సూది గుచ్చే పనికి, తడి పొరల పనికి మాత్రం ఒక్కసారికే విప్పే స్టెరైల్ జెల్ పొట్లం వాడాలి.

ఇప్పుడు మందుల సంగతి. గ్లూటరాల్డిహైడ్ పాతది. ఘాటు వాసన, కళ్లు మంట, ఉబ్బసం ఉన్నవాళ్లకు పడదు. దాని తర్వాత వచ్చిన ఓపీఏ 0.55 శాతం ద్రావణంలో గది ఉష్ణోగ్రత దగ్గర 12 నిమిషాలు చాలు. చర్మానికి తగిలితే బూడిదరంగు మచ్చ పడుతుంది, అందుకే మూడుసార్లు విడివిడిగా నీళ్లు మార్చి కడగాలి. పాత్రలో పోసిన ద్రవం 14 రోజులకు మించి వాడకూడదు. ఆ లోపల కూడా రోజూ కాగితపు పట్టీ ముంచి బలం 0.3 శాతానికి తగ్గలేదని చూసుకోవాలి. పట్టీ రంగు మారకపోతే మిగతాదంతా పారబోయడమే, ఎన్నో రోజైనా సరే. ఆస్ట్రేలియా కంపెనీ నానోసోనిక్స్ తెచ్చిన ట్రోఫాన్ పద్ధతి వేరు. ప్రోబ్‌ను చిన్న అలమారలో వేలాడదీస్తే 35 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ పొగమంచులా చుట్టుకుంటుంది, ఏడు నిమిషాల్లో పిడితో సహా పని అవుతుంది, చివరికి మిగిలేది నీళ్లు, ఆక్సిజన్. క్లోరిన్ డయాక్సైడ్ నురగ రాసి రెండు నిమిషాలు ఉంచే ట్రిస్టెల్ పద్ధతికి 2023లో ఎఫ్‌డీఏ దారి వదిలింది. అలమారకు చోటు, డబ్బు లేని చిన్న సెంటర్లకు ఈ నురగ దారి నాకు ఆశగా కనిపిస్తుంది.

నేపర్‌విల్ ఉన్న డుపేజ్ కౌంటీలోనే, తూర్పుగా అరగంట దూరంలో ఓక్‌బ్రూక్ టెర్రస్ అనే చిన్న ఊరుంది. అమెరికా ఆసుపత్రులకు గుర్తింపునిచ్చే జాయింట్ కమిషన్ అక్కడి నుంచే పనిచేస్తుంది. 1951లో పుట్టిన సంస్థ. దాని అంతర్జాతీయ విభాగం గుర్తింపు కోసమే హైదరాబాద్ జూబ్లీహిల్స్ అపోలో లాంటివి ఏళ్ల తరబడి తయారయ్యాయి. ఈ సంస్థ పరిశీలకులు వస్తే ప్రోబ్ తళతళలాడుతోందా అని చూసి వెళ్లిపోరు. రిజిస్టర్ అడుగుతారు. ఏ నంబరు ప్రోబ్, ఏ రోగికి వాడారు, ఎప్పుడు నానబెట్టారు, ఆరోజు పట్టీ ఏం చెప్పింది, శుద్ధి చేసినదాన్ని ఎక్కడ వేలాడదీశారు. రేపు ఒక రోగికి ఇన్ఫెక్షన్ తేలితే ఆ ప్రోబ్ తాకిన మిగతావాళ్లను వెతకగలిగేది ఈ కాగితాల వల్లే.

అమెరికాలో అన్నీ తేలిపోయాయనుకోకండి. సూదిని అల్ట్రాసౌండ్ చూపుతో నరంలోకో గడ్డలోకో పంపేటప్పుడు పైన చర్మం మీద ఉండే ప్రోబ్‌కు ఏం చేయాలన్నది పెద్ద తగవు. స్పాల్డింగ్ పద్దును కఠినంగా చదివినవాళ్లు హై లెవెల్ అంటారు. అల్ట్రాసౌండ్ వైద్యుల సంఘం ఏఐయూఎం, దానితో కలిసిన మరికొన్ని సంఘాలు, స్టెరైల్ కవర్ వాడితే తర్వాత తక్కువ స్థాయి శుద్ధి చాలంటాయి. ప్రతి రక్తనాళపు సూదికీ ప్రోబ్‌ను పావుగంట పక్కన పెడితే అత్యవసర గదిలో వైద్యులు అల్ట్రాసౌండ్ మానేసి గుడ్డిగా గుచ్చుతారు, దానివల్ల జరిగే హాని ఎక్కువ అని వాళ్ల వాదన. నాకు వీళ్ల మాటే సబబు అనిపిస్తుంది, కవర్ చిరగలేదని చూసుకున్నంత వరకు. లోపలి స్కాన్ ప్రోబ్ విషయంలో మాత్రం ఈ మినహాయింపు ఎవరూ అడగడం లేదు.

విజయవాడలోనో వరంగల్‌లోనో వరండా నిండా గర్భిణులు కూర్చున్న స్కానింగ్ సెంటర్‌లో చిక్కు మందు దగ్గర రాదు, గడియారం దగ్గర వస్తుంది. లోపలి ప్రోబ్ ఒక్కటే ఉంది. తోమడం, 12 నిమిషాలు నానబెట్టడం, మూడు కడుగుళ్లు, ఆరబెట్టడం, అన్నీ కలిపి అరగంట దాకా పోతుంది. బయట క్యూ నిలబడి ఉంది. అక్కడే టిష్యూ కాగితం చేతిలోకి వస్తుంది. రెండో ప్రోబ్ కొనడం ఖర్చే, కానీ ఇంకో దారి లోపలి స్కాన్లన్నీ మధ్యలో ఖాళీ వదిలి టైము ఇవ్వడం. లేదా నీళ్లతో నిండిన మూత్రాశయంతో పైనుంచే చూడగలిగినవాటిని పైనుంచే చూడటం. రోగి వైపు నుంచి అడగాల్సింది ఒక్కటే, అదీ కవర్ తొడుగుతుండగా కాదు, అంతకు ముందే: ‘మేడమ్, ఈ ప్రోబ్ ఇందాకటి పేషెంట్ తర్వాత దేంట్లో నానబెట్టారు, ఎంతసేపు?’ విసుక్కుంటే విసుక్కోనివ్వండి.

మన స్కానింగ్ సెంటర్లకు రిజిస్టర్ రాయడం కొత్త కాదు. ఆడపిల్లల భ్రూణహత్యలు ఆపడానికి వచ్చిన 1994 నాటి పీసీపీఎన్‌డీటీ చట్టం కింద ప్రతి గర్భిణి స్కాన్‌కూ ఫారం ఎఫ్ నింపాలి. అందులో తేడా వస్తే మెషీన్‌కు సీలు పడుతుంది కాబట్టి ఎంత రద్దీలోనైనా ఆ ఫారం నింపుతారు. ప్రోబ్ నంబరు, నానబెట్టిన సమయం, తీసిన సమయం, పట్టీ ఫలితం, సంతకం. ఆ ఫారంలో ఈ అయిదు గడులు లేవు, ఆ చట్టం వాటిని అడగడానికి పుట్టలేదు. వంద పేజీల నోటుబుక్కులో గీతలు కొట్టుకుంటే సరిపోతుంది.